జేడ్‌ని చెక్కరు, అరగదీస్తారు

34 ఏళ్ళు ఇంజన్ షెడ్డులో వాల్వులు కూర్చోబెట్టాను. వాల్వుకీ సీటుకీ మధ్య గ్రైండింగ్ పేస్టు రాసి, కర్రకి రబ్బరు కప్పు తగిలించి, రెండు అరచేతుల మధ్య కవ్వంలా అటూ ఇటూ తిప్పుతుంటే కాసేపటికి గరగర తగ్గి, చుట్టూ బూడిదరంగు పట్టీ ఒకటి తేలుతుంది. అది తేలితే పని అయినట్టు. రిటైరయ్యాక సరదాగా జేడ్ అనే గట్టి రాయి పని పట్టుకున్నాను. తీరా చూస్తే వేల ఏళ్ళుగా జేడ్ పనివాళ్ళు చేస్తున్నదీ అదే పని! మెత్తటి పనిముట్టు, గట్టి పొడి, నీళ్ళు. ఆ మూడూ ఉంటే మిగతాదంతా మోచేతుల సంగతే.

ఇక్కడ నేను చెప్పబోయేది ఒక్క వస్తువు గురించి. మధ్యలో బెజ్జం ఉన్న గుండ్రటి బిళ్ళ. 3 సెంటీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం. చైనాలో కొత్త రాతియుగం నుంచీ చేస్తున్న 'బీ' అనే బిళ్ళకి ఇది బుల్లి తమ్ముడు. డ్రాగన్లూ ఆకులూ పూలూ చేయాలని అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. కానీ కోత, బెజ్జం, ఒరుపు, మెరుగు అన్నీ ఒక్కదాంట్లో నేర్చుకోవాలంటే ఈ బిళ్ళని మించింది లేదు. రోజుకి గంటన్నర చొప్పున కూర్చుంటే నా మొదటి బిళ్ళకి తొమ్మిది వారాలు పట్టింది. ఇప్పుడు నాలుగు వారాల్లో అవుతోంది. కరెంటు పనిముట్లు వాడేవాళ్ళు ఒక్క సాయంత్రంలో చేసేస్తారు. వాళ్ళతో నాకు పేచీ లేదు.

రాయి సంగతి

జేడ్ అన్న ఒక్క పేరు వెనక రెండు వేర్వేరు రాళ్ళున్నాయి. నెఫ్రైట్ ఒకటి, జేడైట్ ఇంకొకటి. వేల ఏళ్ళు జనం రెంటినీ ఒకే పేరుతో పిలిచారు. 1863లో డామూర్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఇవి రెండూ వేరని తేల్చాడు. చైనావాళ్ళు పూర్వం నుంచీ వాడింది, పశ్చిమ చైనాలోని ఖోటాన్ నదుల్లో దొరికిందీ నెఫ్రైట్. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల పౌనాము రాయి కూడా ప్రధానంగా నెఫ్రైటే. షాజహాన్ కోసం 1657లో తయారైన, మేక తల పిడి ఉన్న తెల్లటి మద్యపాత్ర కూడా నెఫ్రైటే, ఇప్పుడది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. బర్మా నుంచి వచ్చే మెరిసే ఆకుపచ్చ రాయి జేడైట్. గ్వాటెమాలాలోని మోటాగువా లోయ నుంచి తెచ్చి అక్కడి ప్రాచీన మాయా జనం పని చేసింది కూడా అదే.

నెఫ్రైట్ పేరుకి మూలం కిడ్నీ. నెఫ్రాలజిస్టు అంటాం చూడండి, అదే మాట. ఈ రాయి నడుము దగ్గర పెట్టుకుంటే మూత్రపిండాల నొప్పి తగ్గుతుందని స్పెయిన్ వాళ్ళు నమ్మారు. 'పక్క నొప్పి రాయి' అనే వాళ్ళ మాటలోంచే జేడ్ అనే పేరూ వచ్చింది. పని మొదలుపెట్టాక నా నడుం నొప్పి పెరిగిందే తప్ప తగ్గలేదు. ఇంకో మాట, జేడ్‌ని తెలుగులో 'పచ్చ' అని రాసేవాళ్ళున్నారు. పచ్చ అంటే మరకతం. రెంటికీ రంగులో తప్ప చుట్టరికం లేదు.

కొత్తవాళ్ళు నెఫ్రైట్‌తో మొదలుపెట్టండి. గీత పడకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే మోస్ కొలమానంలో దాని గట్టితనం 6 నుంచి 6.5, జేడైట్‌ది 6.5 నుంచి 7. చేతి పనిలో ఆ అరపాయింటు తేడా వారాల్లో కనిపిస్తుంది.

గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. నెఫ్రైట్ గొప్పతనం రెండోది. దాని లోపల వెంట్రుక కన్నా సన్నటి పీచులు ఒకదాంట్లో ఒకటి మెలిపడి, ఉన్నిని తడిపి దట్టించిన కంబళిలా అల్లుకుపోయి ఉంటాయి. నేనూ అందరిలాగే మొదట ఉక్కు ఉలి పెట్టి సుత్తితో కొట్టాను. రాయి మీద తెల్లటి మచ్చ పడింది, ఉలి మొన మొద్దుబారింది. ఆ మచ్చ పైన కనిపించేదంత కాదు, కింద లోతుగా నలిగి ఉంటుంది. దాన్ని అరగదీసి పోగొట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. మావోరీలు ఈ రాయితో 'మెరె' అనే పలచటి అంచున్న చేతిగదలు చేసి యుద్ధాల్లో వాడారంటే దాని మొండితనం అర్థం చేసుకోండి.

కొనేటప్పుడు మోసం ఎక్కువ. నాకు 'అసలైన జేడ్' అని అంటగట్టిన మొదటి ముక్క సర్పెంటైన్ అనే మెత్తటి రాయి అని తేలింది. ఇంటికొచ్చాక కూరగాయల కత్తితో ఒక మూల గీస్తే మెత్తగా గాటు పడింది. అసలు జేడ్ మీద ఉక్కు కత్తి గీత దించదు. కొన్నిసార్లు కత్తి ఉక్కే రాయికి అంటుకుని బూడిదరంగు గీతలా కనిపిస్తుంది కాబట్టి తడి వేలితో తుడిచి చూడండి. పోతే అది కత్తిది, పోకపోతే రాయి గీసుకుపోయినట్టు.

కత్తి కన్నా నమ్మకమైనది తూకం. డిజిటల్ తక్కెడ మీద రాయి బరువు చూసి రాసుకోండి. నా చేతిలో ఉన్న గులకరాయి 212 గ్రాములు. తర్వాత గిన్నెలో నీళ్ళు పోసి తక్కెడ మీద పెట్టి సున్నా చేయండి. రాయికి దారం కట్టి, అడుగుకీ గోడలకీ తగలకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. తక్కెడ ఇప్పుడు రాయి పక్కకి తోసిన నీటి బరువు చూపిస్తుంది. నాది 72. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 2.94. నెఫ్రైట్ 2.9 నుంచి 3.1 మధ్య, జేడైట్ 3.3 దగ్గర వస్తుంది. నన్ను మోసం చేసిన ముక్క 2.57 చూపింది. మామూలు గాజు, సర్పెంటైన్, రంగేసిన క్వార్ట్‌జైట్, పాలరాయి అన్నీ 2.9కి కిందే ఆగిపోతాయి.

ఇక పగుళ్ళు. రాయిని నీళ్ళలో ముంచి తీసి, గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టి చూస్తూ కూర్చోండి. పైతడి ఆరిపోయాక కూడా పగులు ఉన్న చోట నల్లటి గీత కాసేపు నిలుస్తుంది, లోపల నీరు ఇంకా ఆరదు కాబట్టి. ఆ గీతల్ని వెంటనే గుర్తు పెట్టుకోండి. పెన్సిలూ స్కెచ్ పెన్నూ నీళ్ళకి పోతాయి. అల్యూమినియం తీగ మొన సాగదీసి దాంతో గీయండి. రాయి మీద వెండిలా గీత పడుతుంది, ఎన్ని నీళ్ళు పోసినా చెక్కు చెదరదు.

పొడి

రాయిని అరగదీసేది పనిముట్టు కాదు, పొడి. రాగి, వెదురు, తోలు, దారం ఇవన్నీ జేడ్ కన్నా ఎంతో మెత్తన. మెత్తన కాబట్టే పనికొస్తాయి. గట్టి రేణువు మెత్తటి రాగిలో దిగబడి నిలబడుతుంది, అక్కడి నుంచి రాయిని గీకుతుంది. పనిముట్టు కూడా గట్టిదైతే రేణువు నిలవక దొర్లిపోతుంది.

పాతవాళ్ళు ముందు ఇసుకే వాడారు. ఇసుకలో ఉండే క్వార్ట్‌జ్ గట్టితనం 7, అంటే నెఫ్రైట్ కన్నా పిసరంత ఎక్కువ. ఇసుకతో పని అవుతుంది, వయసూ అవుతుంది. తర్వాత గార్నెట్ రాయి పొడి, ఆ పైన 9 గట్టితనం ఉన్న కొరండం. ఈ కొరండం అనే మాట మన వైపు నుంచి వెళ్ళిందే. తమిళంలో కురుందం, మనకి కురువిందం. సాన పట్టేవాళ్ళ రాయి లోపల ఉండేదీ అదే జాతి పొడి. 1891లో అచెసన్ అనే అమెరికన్ కార్బొరండం అనే కృత్రిమ పొడి కనిపెట్టాక దానిదే రాజ్యం. వాల్వు పేస్టులో నేను జీవితమంతా రాసింది అదే కనక చేతికి అలవాటు. నేను 80, 220, 400, 600, 1200 నంబర్లు పెట్టుకుంటాను. నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నం.

పాతవాళ్ళకి నంబర్లు ఎక్కడివి? నీళ్ళతో వేరు చేసేవారు. వాడేసిన బురదని నేనూ అలాగే వేరుచేసి మళ్ళీ వాడుతున్నాను. బకెట్లో నీళ్ళు పోసి బురద కలిపి, పది సెకన్లు ఆగి పై నీటిని రెండో బకెట్లోకి వంచాలి. మొదటి దాంట్లో అడుగున మిగిలింది ముతక. రెండోది రెండు నిమిషాలు ఆగి మూడో దాంట్లోకి వంచితే మిగిలింది మధ్యరకం. మూడోది రాత్రంతా వదిలేస్తే తేరేది పిండి.

ఒక హెచ్చరిక, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. నెఫ్రైట్ పీచురాయి, ఇసుక సిలికా. రెంటి దుమ్మూ ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. పని ఎప్పుడూ తడిగానే సాగాలి. బల్ల మీద ఎండిన బురదని ఊదకండి, చీపురు పెట్టకండి, తడిగుడ్డతో ఎత్తండి. ఏదైనా పొడిగా చేయాల్సి వస్తే దుమ్ముని ఆపే మాస్కు పెట్టుకోండి. ఆ బురదని సింకులో మాత్రం పోయకండి. నేను పోశాను. గొట్టం మెలికలో సిమెంటులా గడ్డకట్టింది. గొట్టం విప్పి కడిగింది నేనే అయినా, ఆ వారమంతా మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

కోత

గులకరాయి నుంచి 8 మిల్లీమీటర్ల మందం పలక తీయాలి. కావలసింది 6, మిగతా 2 చదును చేయడంలో పోతుంది.

బావిగట్టు చూశారా? ఏళ్ళ తరబడి చేదతాడు ఒరుసుకుని నల్లరాతిలో కూడా వేలు పట్టేంత గాడి పడుతుంది. రాయిని కోసిన మొట్టమొదటి రంపం అలాంటిదే. తాడుకి తడి ఇసుక అంటించి అటూ ఇటూ లాగేవారు. చైనాలో లియాంగ్‌జూ కాలంలో, అంటే సుమారు క్రీ.పూ. 3300 నుంచి 2300 మధ్య, లోహం లేకుండానే అలా జేడ్ కోశారు. తాడు లాగుతున్నప్పుడు నడుమ వంగుతుంది కనక ఆ కోత ముఖం మీద వంపు వంపు గీతలు మిగిలిపోయాయి. తర్వాత విల్లుకి ఇనుప తీగ కట్టారు. మావోరీలు పలచటి ఇసుకరాతి పలకనే రంపంలా వాడారు.

నేను తిన్నటి కోతకి హ్యాక్సా ఫ్రేములో బ్లేడు తీసేసి, అర మిల్లీమీటరు మందం రాగి పట్టీ బిగిస్తాను. పళ్ళు అక్కర్లేదు. వంపు కోతలకైతే వెదురు విల్లుకి కట్టిన రాగి తీగ.

రాయిని కొయ్య దిమ్మలో గుంట తొలిచి కూర్చోబెట్టి, చుట్టూ చీలలు కొట్టి బిగించండి. కదిలిందో, పట్టీ మెలిపడి గాడి వంకర పోతుంది. గీత మీద ముందు కార్బొరండం పుల్ల అంచుతో చిన్న గాడి తీయండి, లేకపోతే పట్టీ జారి రాయంతా గీకుతుంది. పక్కన ఆనుకోవడానికి ఒక చెక్క ముక్క కట్టుకుంటే మంచిది. పైన నీళ్ళ సీసా తలకిందులుగా వేలాడదీసి మూతకి సూదితో బెజ్జం పెట్టండి. పది సెకన్లకో చుక్క చాలు. చైనా పాత చిత్రాల్లో కూడా కోత విల్లు మీద ఇలాగే చిల్లికుండ వేలాడుతుంటుంది.

ఇప్పుడు 80 నంబరు పొడిని నీళ్ళతో గట్టి ముద్దలా కలిపి గాడిలో పెట్టి లాగడం మొదలుపెట్టండి. ఫ్రేము బరువు చాలు, చేత్తో నొక్కకండి. నొక్కితే రేణువులు పక్కకి తప్పుకుంటాయి. ఇక్కడ కంటికన్నా చెవి నయం. పొడి కొత్తగా ఉన్నప్పుడు గరగరమంటుంది. పది నిమిషాలకి రేణువుల మూలలు అరిగి సరసరలోకి దిగుతుంది. అప్పుడు గాడిని కడిగి కొత్త పొడి వేయాలి. కీచుమంటే నీళ్ళు తక్కువ. అసలు శబ్దమే లేకుండా హాయిగా సాగుతోందంటే మీరు రాయిని కాదు, రాగిని అరగదీస్తున్నారు.

నా లెక్కలో గంటకి 2 మిల్లీమీటర్లు దిగుతుంది. నా గులకరాయి అడ్డకొలత 36 మిల్లీమీటర్లు. ఒక వైపు నుంచి 16, తిప్పి రెండో వైపు నుంచి 16 కోశాను. 16 గంటలు, పదకొండు రోజులు, నాలుగు రాగి పట్టీలు. వరండాలో కూర్చుని లాగుతుంటే మా ఆవిడ రోజూ సాయంత్రం అడిగేది, "ఏమండీ, ఇవాళైనా తెగిందా?" అని. "మూడు మిల్లీమీటర్లు తెగింది," అనేవాణ్ణి. ఎనిమిదో రోజు నుంచి అడగడం మానేసింది.

మధ్యలో 4 మిల్లీమీటర్లు మిగిలాక ఆపేసి, గాడిలో కొయ్య చీల పెట్టి, కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే విడిపోతుంది. మావోరీలూ ఇదే చేసేవారు, రెండు వైపులా గాడి తీసి నడిమి గట్టుని విరిచేవారు. గట్టు మరీ మందంగా ఉండగా తొందరపడితే విరుపు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. నా రెండో పలక అలాగే మూలకి చీలింది.

పలకని చదును చేయడానికి మందపాటి గాజు పలక మీద పొడి, నీళ్ళు వేసి ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దండి. మార్కర్‌తో పలకంతా అడ్డదిడ్డంగా గీతలు గీసి రుద్దితే, సిరా ఇంకా ఎక్కడ మిగిలిందో అక్కడ పల్లం ఉన్నట్టు.

బెజ్జం

బెజ్జం ముందు, గుండ్రం తర్వాత. ఇది నేను తిప్పలు పడి నేర్చుకున్నది. ముందే గుండ్రంగా చేసుకుని తర్వాత బెజ్జం వేస్తే అది అర మిల్లీమీటరు పక్కకి పోయినా బిళ్ళంతా వంకరగా కనిపిస్తుంది. బెజ్జం ముందు వేసి, దాన్నే కేంద్రంగా పెట్టుకుని వలయం గీసుకుంటే ఆ బాధ లేదు.

పెద్ద బెజ్జానికి గట్టి కడ్డీ వాడకూడదు, గొట్టం వాడాలి. కడ్డీ అయితే బెజ్జంలో ఉన్న రాయి మొత్తాన్నీ పొడి చేయాలి. గొట్టమైతే అంచు మేరకే, నడిమి బిరడా దానంతట అదే ఊడొస్తుంది. పాతవాళ్ళు వెదురు గొట్టాలూ బోలు ఎముకలూ వాడారు. నేను ఏసీ బిగించేవాళ్ళ దగ్గర మిగిలిపోయే 10 మిల్లీమీటర్ల రాగి గొట్టం ముక్క వాడతాను. దాని చివర రంపంతో మూడు చిన్న చీలికలు పెట్టండి. పొడి కిందికి దిగడానికి అవే దారులు.

గొట్టాన్ని జానెడు పొడవు కర్రకి దిగ్గొట్టి, కర్ర పై మొనని కొబ్బరి చిప్పలో ఆనించి, ఎడమచేత్తో చిప్పని నొక్కిపట్టాలి. కుడిచేతిలో విల్లు, విల్లు తాడు కర్రకి ఒక్క చుట్టు. వడ్రంగుల పాత తాడు బరమా ఇదే. కవ్వం తాడు లాగినట్టు అటూ ఇటూ తిరుగుతుంది. మావోరీల 'తూవిరి' కూడా తాడుతో రెండు వైపులా తిరిగేదే, కర్రకి బరువు రాళ్ళు కట్టి ఉంటాయి.

పలకని చెక్క మీద లక్కతో అంటించండి. లక్కని కరిగించి పోసే ముందు రాయిని ఎండలో పెట్టి వెచ్చబరచాలి. చల్లటి రాయి మీద లక్క పట్టదు. మొదట గొట్టం నిలవకుండా జారుతుంది, అందుకని 10 మిల్లీమీటర్ల బెజ్జం ఉన్న చెక్క ముక్కని పైన దారిచూపుగా కట్టండి. ఒక మిల్లీమీటరు గాడి పడ్డాక దాన్ని తీసేసి, చుట్టూ మట్టితో చిన్న గట్టు వేసి అందులో పొడీ నీళ్ళూ నింపండి. ఇరవై లాగులకోసారి గొట్టాన్ని వెంట్రుక వాసి పైకి ఎత్తి దించాలి. ఎత్తినప్పుడే పొడి కిందికి పోతుంది.

దిగే కొద్దీ గొట్టం పక్కలు కూడా అరుగుతాయి, బెజ్జం కిందికి పోతూ సన్నబడుతుంది. ఒకే వైపు నుంచి చివరికంటా పోతే అవతలి ముఖం మీద గవ్వ ఆకారంలో పెచ్చు లేచిపోతుంది. అందుకే సగం దాటాక పలక తిప్పాలి. తిప్పితే అవతల కేంద్రం ఎలా దొరుకుతుంది? కొలతలూ కాగితపు నమూనాలూ అన్నీ ప్రయత్నించాను. చివరికి పనిచేసింది సెల్‌ఫోన్ టార్చి. 7 మిల్లీమీటర్ల పలకలో దాదాపు 5 దిగాక లక్క వేడిచేసి పలక ఊడదీసి, కడిగి, గాడి ఉన్న వైపు కింద టార్చి పెట్టి గదిలో లైటు ఆర్పాను. నెఫ్రైట్ వెలుతురుని కొంచెం పోనిస్తుంది. ముదురాకుపచ్చ పలక మధ్యలో, గాడి ఉన్న చోట రాయి పలచన కాబట్టి, లేత పసుపు ఉంగరం ఒకటి వెలిగింది. దాని మీదే అల్యూమినియం తీగతో గీసుకున్నాను. మరీ నల్లటి రాయికి ఈ ఉపాయం పారదు, దానికి కాగితపు నమూనానే దిక్కు.

రెండో వైపు నుంచి దిగుతుంటే చివర్లో శబ్దం ఒక్కసారిగా బోలుగా మారుతుంది. అక్కడ చెయ్యి పూర్తిగా తేలిక చేయండి. నాలుగైదు లాగుల్లో బిరడా కదిలి గొట్టంలో టక్కుమంటుంది. బెజ్జం లోపల వేలు పెడితే నడిమధ్యన సన్నటి గట్టు తగులుతుంది. రెండు వైపుల గాడులు కలిసిన చోటు అది. లియాంగ్‌జూ వాళ్ళ 'సాంగ్' అనే జేడ్ గొట్టాల లోపల కూడా ఇదే గట్టు ఉంటుంది. వాటిల్లో అతి పెద్దది ఆరున్నర కిలోలు. దాన్నీ రెండు చివర్ల నుంచే తొలిచారు. అది చదివిన రోజు నా గట్టుని కాసేపు తీయబుద్ధి కాలేదు. తీయాలనుకుంటే గుండ్రటి కర్రకి పొడి అద్ది లోపల తిప్పండి, పావుగంట పని.

గుండ్రం, గీతలు

బెజ్జం నుంచి కొలిచి 30 మిల్లీమీటర్ల వలయం గీయండి. రాగి రంపంతో నాలుగు మూలలు తీసేస్తే ఎనిమిది వైపులవుతుంది. ముతక కార్బొరండం రాయి మీద ఆ ఎనిమిది మూలలూ ఒరిస్తే పదహారు. ఆ పైన బెజ్జంలో కర్ర దూర్చి, రాయి మీద చక్రంలా దొర్లిస్తూ రుద్దితే గుండ్రం దానంతట అదే కుదురుతుంది.

చైనావాళ్ళు ఈ పనికి కాలితో తొక్కే చక్రం వాడేవారు. 1637 నాటి ఒక చైనా చేతివృత్తుల గ్రంథంలో ఆ వర్ణన ఉంది. ఇనుప బిళ్ళ, కింద గిన్నెలో నీళ్ళూ ఇసుకా, రెండు కాళ్ళతో తొక్కుతుంటే బిళ్ళ తిరుగుతుంది, పనివాడు ఇసుక అందిస్తూ ఉంటాడు. పాత ముక్కల మీది గీతని భూతద్దంలో చూస్తే అది ఒకే గీత కాదు. పడవ ఆకారంలో ఉన్న చిన్న చిన్న కోతలు వరసగా అతుక్కుని ఉంటాయి. ఒక్కో కోతా చక్రం అంచు ఒకసారి తాకిన చోటు. నాకూ అలాంటి చక్రం చేసుకోవాలని ఉంది గానీ మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు.

మొదటి బిళ్ళకి గీతలు వద్దని నా సలహా. ఖాళీ ముఖాన్ని సరిగ్గా మెరిపించడమే కష్టం, గీతలు దాని లోపాల్ని కప్పడానికి బాగా పనికొస్తాయి, అందుకే వద్దంటున్నాను.

మెరుగు

అందరూ చెడగొట్టుకునేది ఇక్కడే. 80 గీతల్ని 220 పోగొట్టాలి, 220 గీతల్ని 400 పోగొట్టాలి. మధ్యలో ఒక్కటి దాటేసినా చివర్లో బయటపడుతుంది. నంబరు మార్చినప్పుడల్లా రుద్దే దిక్కు మార్చండి. ముందు నిలువుగా రుద్దితే ఇప్పుడు అడ్డంగా. పాత దిక్కు గీత ఒక్కటి కూడా కనిపించనంతవరకూ ముందుకి పోవద్దు. చూసేటప్పుడు రాయిని పూర్తిగా ఆరబెట్టి చూడండి. తడిరాయి ఎప్పుడూ అందంగానే ఉంటుంది, గీతలన్నీ నీటికింద దాక్కుంటాయి.

నంబరు మారిన ప్రతిసారీ రాయీ గాజూ చేతులూ గోళ్ళ సందులూ బ్రష్షుతో కడగాలి. ఆరేళ్ళ కిందట నా మొదటి బిళ్ళ చివరి మెరుపు ఇచ్చే తోలు దశకి వచ్చింది. అద్దంలా నిగనిగలాడుతోంది. ఇంకో నాలుగు రుద్దులు రుద్దుదామని కూర్చుంటే 'సర్' మని ఒక్క శబ్దం. ఈ చివర నుంచి ఆ చివరకి గీత. చొక్కా చేతిమడతలో ఇరుక్కున్న ఒక 80 నంబరు రేణువు తోలు మీద రాలింది. మళ్ళీ 220కి వెళ్ళి మొదలు. తొమ్మిది రోజులు. ఇప్పుడు ముతకపనికి ఒక చొక్కా, మెరుగుకి ఒక చొక్కా. పొడి డబ్బాలు కూడా వేర్వేరు అలమారల్లో.

1200 అయ్యాక తోలు. పాతవాళ్ళు కొయ్య చక్రాలూ, తోలూ, ఎండిన సొరకాయ బెరడూ వాడారు. నేను చదునైన కొయ్యకి తోలు బిగించి, క్రోమియం ఆక్సైడ్ అనే ఆకుపచ్చ పొడిని కొద్ది నీటితో పూస్తాను. తోలు తడిసి ముద్దయితే మెరుపు రాదు. తడి ఆరీ ఆరకుండా, రాయి తోలుని కాస్త పట్టి లాగుతున్నట్టు అనిపించే దశ ఒకటుంటుంది. గట్టిగా నొక్కాల్సింది అప్పుడే. కోతలో నొక్కవద్దని చెప్పాను, ఇక్కడ మాత్రం ఒళ్ళంతా వేయండి.

కొన్నిసార్లు నారింజ తొక్కలా సన్నటి గుంటలు తేలతాయి. పీచులు ఒక్కోచోట ఒక్కో దిక్కుగా ఉంటాయి కాబట్టి అన్నీ ఒకేలా అరగవు. మెత్తటి గుడ్డతో ఇంకా రుద్దితే ఇంకా పెరుగుతాయి. 600కి వెనక్కి వెళ్ళి, మెత్తటి అట్ట కాకుండా గట్టి కొయ్య మీద పొడి వేసి రుద్దండి, తగ్గుతాయి. నాకైతే అద్దం మెరుపు కన్నా 1200 దగ్గర ఆపి తోలుతో రెండు గంటలు తుడిచిన మెత్తటి నిగ్గే ఇష్టం. మా మనవడికి మెరిసేదే కావాలి. వాడిది వాడికి చేసిచ్చాను.

చివరికి ఒక్క పని మర్చిపోకండి. బెజ్జం రెండు అంచులూ తడిమి చూడండి. వేలికి పదునుగా తగిలితే దారం నెల రోజుల్లో తెగుతుంది, తెగితే బిళ్ళ కింద పడుతుంది. దారానికే 600 పొడి అద్ది, బెజ్జంలో దూర్చి, రెండు కొసలూ పట్టుకుని అంచు చుట్టూ లాగండి. పావుగంటలో అంచు గుండ్రమవుతుంది. గొట్టంలోంచి ఊడిన బిరడాని పారేయకండి. నాది అగ్గిపెట్టెలో ఉంది. 7 మిల్లీమీటర్ల మందాన చిన్న పూసంత రాయి. దానికి నిలువునా బెజ్జం వేయడానికి ఒకటిన్నర మిల్లీమీటరు గొట్టం ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్నాను.